చిట్టీ ఇప్పుడే పాడొద్దు

ప్రశ్న: మాది హనుమకొండ, చిన్న కిరాణా కొట్టు. మా ఆయనకు మూత్రాశయంలో గడ్డ ఉంటే మూత్రనాళం గుండానే గొట్టం పంపి తీసేశారు. వారం నుంచి ఇంట్లోనే ఉన్నారు. మూడు లక్షల ఎఫ్‌డీ, ఆరోగ్య బీమా ఉన్నాయి. ఐదు లక్షల చిట్టీలో ఇంకా 11 నెలలు మిగిలాయి. 90 వేలు వదులుకుంటే ఇప్పుడే ఎత్తుకోవచ్చు. పాడమంటారా?

జవాబు: వద్దమ్మా. 90 వేలు పోగా మీ చేతికొచ్చేది 4.10 లక్షలు. 11 నెలల కిస్తులు ఎలాగూ కట్టాలి. పైగా జమానతుకు ఉద్యోగస్తుల ఇళ్ల చుట్టూ తిరగాలి. మీ వారి పక్కన ఉండాల్సిన రోజుల్లో ఆ తిప్పలెందుకు?

ముందు ఎఫ్‌డీ వాడండి. గడువుకు ముందే తీస్తే బ్యాంకులు సాధారణంగా వడ్డీలో ఒక శాతం దాకా తగ్గిస్తాయి, అంతే. కొంతే అవసరమైతే దాని మీదే అప్పు తీసుకోండి. ఓ 30 వేలు మాత్రం సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. ఈ ఆపరేషన్ తర్వాత రెండో వారంలో మళ్లీ నెత్తురు కనిపించడం మామూలే. కానీ నెత్తురు గడ్డకట్టి అడ్డుపడి మూత్రం ఆగిపోతే అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఆపరేషన్‌తో ఖర్చు అయిపోయిందనుకోకండి. ఈ గడ్డలు మళ్లీ వచ్చే స్వభావం ఉన్నవి. అందుకే మూడు నెలలకు గొట్టం వేసి చూస్తారు, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి చూస్తూనే ఉంటారు. బయాప్సీని బట్టి వారానికోసారి, ఆరు వారాలు బీసీజీ మందు మూత్రాశయంలోకి ఎక్కించాల్సి రావచ్చు. చాలా పాలసీల్లో డిశ్చార్జి తర్వాత ఖర్చులు 60 రోజుల వరకే ఇస్తారు. అంటే మూడు నెలల పరీక్ష ఆ గడువు దాటిపోతుంది. కేవలం పరీక్ష కోసం చేరితే క్లెయిమ్ తిరస్కరించే నిబంధన కూడా ఉంటుంది. కాబట్టి ఇప్పటి మందుల బిల్లులు, బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి కాగితం ఒక కవర్లో పెట్టి ఆ 60 రోజుల్లోని ఖర్చంతా క్లెయిమ్ చేయండి. రెన్యువల్ తేదీ మాత్రం తప్పొద్దు. ఈ జబ్బు తర్వాత కొత్త పాలసీ దొరకడం కష్టం.

తెల్లకార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు.

ఇంకొకటి. బియ్యం బస్తాలు ఆయన ఎత్తకూడదు. డాక్టర్ సరేననే దాకా కొట్లో సాయానికి ఒక మనిషిని పెట్టుకోండి. ఆ కూలి ఎఫ్‌డీ డబ్బులోంచి ఇవ్వడానికి అస్సలు వెనకాడకండి.