‘అని’ ముందు కామా పెట్టాలా?

సందేహం: కథలు, వ్యాసాలు రాస్తుంటాను. ‘అని’కి ముందు కామా ఉండాలా? ‘ఎప్పుడొస్తావని అడిగాడు’ చివర ప్రశ్నార్థక చిహ్నం పెట్టాలా? బాలవ్యాకరణం తిరగేశాను, దొరకలేదు. ఇలాంటివి ఎక్కడ చూడాలి?

సమాధానం: అందులో దొరకవు. చిన్నయసూరి 1858లో వెలువరించిన ఆ గ్రంథం గ్రాంథిక భాషకు వ్యాకరణం. సంజ్ఞ మొదలు ప్రకీర్ణకం దాకా పది పరిచ్ఛేదాల్లో కామా ఊసే లేదు. మన పాత రాతలో ఉన్నది నిలువు గీతే. కామా, ప్రశ్నార్థకం వంటివి ఇంగ్లీషు అచ్చు పుస్తకాల వెంట వచ్చాయి. వాటితోపాటు ఇంగ్లీషు అలవాట్లూ వచ్చాయి, చిక్కంతా అక్కడే.

ఇంగ్లీషులో పాత్ర మాటకూ ‘అన్నాడు’కూ మధ్య ‘అని’ లాంటి పదం ఉండదు కాబట్టి కామా కావాలి. మనకు ఆ పని ‘అని’ చేస్తుంది. అందుకే “రేపు వస్తాను” అని చెప్పాడు అంటే చాలు, కామా అక్కర్లేదు. పాత్ర నోటి ప్రశ్న అయితే చిహ్నం కొటేషన్ లోపల ఉండాలి: “ఎప్పుడొస్తావు?” అని అడిగాడు. అదే ‘ఎప్పుడొస్తావని అడిగాడు’ అన్నప్పుడు సంధి జరిగిపోయింది, మధ్యలో చిహ్నానికి చోటే లేదు. ఇక చివర ఏం పెట్టాలో ప్రధాన క్రియ చెబుతుంది. ‘అడిగాడు’కు చుక్క, ‘అడిగాడా’కు ప్రశ్నార్థకం.

కామా నిజంగా కావలసిన చోటు వేరే ఉంది. ‘నిన్న వచ్చిన సుబ్బారావు తమ్ముడు’ అంటే వచ్చింది సుబ్బారావా, అతని తమ్ముడా? ‘వచ్చిన’ తర్వాత కామా పెడితే తమ్ముడే. ఇంకా మంచిది, ‘సుబ్బారావు తమ్ముడు నిన్న వచ్చాడు’ అని వాక్యాన్ని విడగొట్టడం.

ఎక్కడ చూడాలంటారా? నేటి వాక్య నిర్మాణానికి భాషావేత్త చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ చదవండి. పదాలకు ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువులను ఒకేసారి వెదకవచ్చు. అయితే ‘ఇంట్లో’ అని కొడితే దొరకకపోవచ్చు, ‘ఇల్లు’ అని వెదకాలి. ‘చూశాడు’కు ‘చూచు’. కంప్యూటర్ ‘చదువుతున్నప్పుడల్లా’ కింద ఎర్రగీత గీసిందని దిద్దకండి. ప్రత్యయాలు కలిసి పుట్టే రూపాలన్నీ దాని జాబితాలో ఉండవు. ‘వెళ్లాడు, వెళ్ళాడు’ రెండూ వాడుకలో ఉన్నాయి. ఒకటి ఎంచుకుని, చీటీ మీద రాసుకుని, రచన చివరిదాకా అదే వాడండి.