పిస్టల్ కొనే ముందు నీ చేతిని కొలుచుకో

పెదవాల్తేరు, విశాఖపట్నం.

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సెలవు రోజుల్లో గురి కాల్పులు నేర్చుకోవాలని ఉందనీ, అందుకు చిన్న సైజుది కాకుండా చేతినిండా పట్టే పెద్ద పిస్టల్ ఒకటి కొనుక్కోవాలనుకుంటున్నావనీ, ఏది కొనమంటారో చెప్పమనీ రాశావు. మన ఇంట్లో ఈ విద్య మీద మనసుపడిన వాళ్ళు నా తరువాత ఎవరూ లేరనుకుంటూ ఉండగా నువ్వు అడగడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. మీ నాన్న కొంచెం కంగారు పడుతున్నట్టు ఫోనులో అర్థమైంది. ఈ ఉత్తరం వాడికి కూడా చూపించు.

ముందు చట్టం సంగతి తేల్చుకుందాం. మన దేశంలో ఈ వ్యవహారమంతా 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమాల కింద నడుస్తుంది. నువ్వు వీడియోల్లో చూసి మోజుపడిన 9 మి.మీ. పిస్టళ్ళు ఇక్కడ నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి వ్యాసం) కిందికి వస్తాయి కాబట్టి, సరదాకు కాల్చుకునే పౌరుడు వాటి ఆశ పెట్టుకోకూడదు. నౌకాదళంలో ఉన్న రోజుల్లో నేను కాల్చింది అటువంటిదే. బ్రౌనింగ్ హై-పవర్ నమూనా మీద ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 మి.మీ. 1ఏ పిస్టల్ అది. కాల్పులు అయిన వెంటనే పేలిన తూటాల డొల్లలు ఏరి, లెక్క అప్పగించి, పిస్టల్‌ను ఆయుధాగారంలో జమచేసి సంతకం పెట్టేవాళ్ళం. పదవీ విరమణతో దానితో నా బంధం తీరింది. అంతకన్నా చిన్నదైన .22 అంగుళం బోరు పిస్టల్ కొనాలన్నా లైసెన్సు ఉండాలి. మన నగరంలో ఆ అధికారం పోలీస్ కమిషనర్‌ది. దరఖాస్తు చేసేవాడికి 21 ఏళ్ళు నిండాలి, ఆయుధాన్ని క్షేమంగా వాడడంలో శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం కావాలి, పోలీసు విచారణ జరగాలి. 2019 సవరణ తరువాత సాధారణంగా ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండడానికి వీల్లేదు. అయితే బోరు .177 అంగుళం, అంటే 4.5 మి.మీ. దాటకుండా, గొట్టం మూతి దగ్గర శక్తి 20 జూళ్ళు మించకుండా ఉండే ఎయిర్ పిస్టల్‌కు, అంటే గాలి ఒత్తిడితో గుండు వదిలే పిస్టల్‌కు, లైసెన్సు అక్కరలేదు. పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్ శక్తి 6 జూళ్ళ దాపులోనే ఉంటుంది. కనుక నీ మొదటి పిస్టల్ .177 ఎయిర్ పిస్టలే కావాలన్నది నా మాట. దాన్ని తక్కువరకం అనుకోకు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పిస్టల్ పోటీ జరిగేది దానితోనే.

పెద్ద పిస్టల్ కావాలన్న నీ కోరిక మాత్రం సరైనదే, అయితే అందుకు నువ్వు చెప్పిన కారణం వేరు, అసలు కారణం వేరు. చేతికి నిండుగా ఉంటుందనీ, బరువు వల్ల దెబ్బ తక్కువ తగులుతుందనీ రాశావు. బరువు సంగతి నిజమే కానీ, అంతకన్నా ముఖ్యమైనది గురి చూసుకోవడానికి పిస్టల్ మీద ఉండే వెనుక సైటుకూ (గాడి) ముందు సైటుకూ (మొన) మధ్య ఉండే దూరం. ఒక కాగితం తీసుకుని లెక్క వేసి చూడు. జేబులో దాచుకునే పొట్టి పిస్టల్‌లో ఆ దూరం 120 మి.మీ. అనుకుందాం. గురి చూసేటప్పుడు ముందు సైటు వెనుక గాడిలో ఒక్క మి.మీ. పక్కకు జరిగితే, 10 మీటర్ల అవతల గుండు 83 మి.మీ. పక్కకు పోతుంది. అదే దూరం 320 మి.మీ. ఉన్న పోటీ ఎయిర్ పిస్టల్‌లో అదే తప్పుకు 31 మి.మీ. పక్కకు పోతుంది. 10 మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మి.మీ. మాత్రమేనని గుర్తుంచుకుంటే, చేతివణుకు సహజమైన మనకు ఆ నిడివి ఎంత ఆసరా ఇస్తుందో తెలుస్తుంది. నిడివికి హద్దు కూడా ఉంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఎయిర్ పిస్టల్ 420 మి.మీ. పొడవు, 200 మి.మీ. ఎత్తు, 50 మి.మీ. వెడల్పు ఉన్న పెట్టెలో పట్టాలి, బరువు 1500 గ్రాములు దాటకూడదు. నువ్వు పోటీలకు వెళ్ళకపోయినా ఈ కొలతల్లోనే కొను. మనసు మారి రేపు ఒక పోటీలో నిలబడాలనిపిస్తే అప్పుడు మళ్ళీ డబ్బు పెట్టనక్కరలేదు.

ఇక అన్నిటికన్నా నేను పట్టుబట్టి చెప్పేది పట్టు గురించి, అంటే గ్రిప్ గురించి. పిస్టల్ కంపెనీ పేరు, రంగు, బారెల్ మెరుపు చూసి కొన్నవాళ్ళను చాలామందిని చూశాను. అందులో నేనూ ఉన్నాను. కాల్పులు మానేసిన ఒక పెద్దమనిషి అమ్ముతున్నాడని తెలిసి, విదేశీ సరుకు చవకగా వస్తోందన్న ఆత్రంలో, చేతిలో సరిగా పట్టుకుని కూడా చూడకుండా ఒక మంచి ఎయిర్ పిస్టల్ కొన్నాను. దాని చెక్క పట్టు నాకన్నా బాగా పెద్ద చేతులున్న మనిషికి చెక్కినది. నా చూపుడువేలు ట్రిగ్గర్‌ను కొసతో మాత్రమే అందుకునేది. లాగిన ప్రతిసారీ మూతి ఎడమకు నెట్టుకుపోయేది. లోపం నా చేతిలో ఉందనుకుని ఎనిమిది నెలలు మణికట్టు బిగించి కాల్చాను. చివరికి బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుని, రెండు నెలలు నీళ్ళ చెంబు కూడా ఎడమ చేత్తోనే ఎత్తవలసి వచ్చింది. ఆ ఎనిమిది నెలల తప్పు అలవాటును చేతి నుంచి వదిలించుకోవడానికి మరో ఏడాది పట్టింది. నీకు ఆ అవస్థ రాకూడదనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

పట్టు సరిపోయిందో లేదో తెలుసుకునే పద్ధతి చెబుతాను. అరచేతికి పలుచగా సుద్దపొడి రాసుకుని, ఖాళీ పిస్టల్‌ను రోజూ పట్టుకునేలా పట్టుకుని, ఇరవై అంకెలు లెక్కపెట్టి నెమ్మదిగా వదులు. చెక్క మీద తెల్లగా అంటిన చోట చేయి తాకుతోంది, అంటని చోట ఖాళీ ఉంది. బొటనవేలి కింది కండ దగ్గర, మధ్యవేలు చుట్టుకునే చోట, అరచేతి మడమ దగ్గర తెలుపు సమంగా పడాలి. ఖాళీ ఉన్నచోట వడ్రంగులు వాడే చెక్క లప్పం కొంచెం కొంచెంగా పెట్టి, ఆరిన తరువాత గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ సుద్ద రాసి చూసుకోవాలి. నా ఇప్పటి పిస్టల్ పట్టును ఇలా పదకొండుసార్లు సరిచేశాను. చూడడానికి అతుకుల బొంతలా ఉంటుంది, కానీ కళ్ళు మూసుకుని చేయి ఎత్తి తెరిస్తే ముందు సైటు వెనుక గాడి మధ్యలో నిలబడి కనిపిస్తుంది. పట్టు సరిగా కుదిరిందనడానికి నాకు తెలిసిన అసలు పరీక్ష అదే. పోటీ పిస్టళ్ళ పట్లు చిన్న, మధ్యరకం, పెద్ద సైజుల్లో, కుడిచేతికీ ఎడమచేతికీ వేరువేరుగా వస్తాయి. అరచేతి కింద ఆనే పలకను పైకీ కిందికీ జరుపుకోవచ్చు. మణికట్టుకు ఆధారం ఇచ్చేలా మాత్రం పట్టును పెంచకు, నియమాలు ఒప్పుకోవు.

పట్టు తరువాత ట్రిగ్గర్. ఎయిర్ పిస్టల్‌లో ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలని నియమం. 500 గ్రాముల తూనికను ట్రిగ్గర్‌కు వేలాడదీసి పిస్టల్‌ను నిలువుగా పైకెత్తితే, అది పేలకుండా తూనిక నేల విడిచి లేవాలి. కొనే చోట ఈ పరీక్ష చేయించు. మొదటి దశలో వేలు సాఫీగా వెనక్కి వచ్చి ఒక చోట ఆగినట్టు తెలియాలి, ఆ తరువాత ఇంకొంచెం ఒత్తిడికి గాజుపుల్ల విరిగినట్టు చటుక్కున విడుదల కావాలి. ఇసుక మీద ఈడ్చినట్టు గరగరలాడే ట్రిగ్గర్ ఎంత చవకగా వచ్చినా వదిలేసేయ్. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్నవి కూడా దొరుకుతాయి, అవి చాలా సున్నితంగా పనిచేస్తాయి. కానీ మరమ్మతు చేయగలవాళ్ళు దగ్గరలో లేని ఊళ్ళో మొదటి పిస్టల్‌కు యాంత్రిక ట్రిగ్గరే మంచిదని నా అభిప్రాయం. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అర్హత పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్‌లో లోపం తలెత్తి, ఎంతో విలువైన నిమిషాలు పోయాయి. అదే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ఆ అమ్మాయి 2024లో ప్యారిస్‌లో కాంస్యం గెలిచినప్పుడు నేను టీవీ ముందు కూర్చుని కన్నీళ్ళు ఆపుకోలేకపోయాను. అంత ఏర్పాటు ఉన్నవాళ్ళకే అలా జరిగినప్పుడు, విడిభాగం ఎక్కడ దొరుకుతుంది, ఎవరు బాగుచేస్తారు అని డబ్బు ఇచ్చే ముందే అడగడం మనకు తప్పనిసరి.

గాలి ఎలా నింపుతారన్నది కూడా చూసుకోవాలి. లీవరు ఒక్కసారి మడిచి గాలి కుక్కే రకం నమ్మకమైనది, సిలిండరు బాధ లేదు. అయితే పోటీలో 75 నిమిషాల్లో 60 గుళ్ళు కాల్చాలి కాబట్టి, అన్నిసార్లు లీవరు మడిచేసరికి భుజం అలిసిపోతుంది. 200 బార్ల ఒత్తిడితో ముందే గాలి నింపిన సిలిండరు రకం అన్నిటికన్నా సుఖం. దాన్ని పాతది కొనేటట్టయితే సిలిండరు మీద చెక్కిన తయారీ తేదీ చదువు, పదేళ్ళు దాటితే దాన్ని మార్చవలసిందే. చేతిపంపుతో నింపేవాళ్ళు తేమ పట్టే ఫిల్టరు తప్పకుండా పెట్టుకోవాలి, మన ఊరి గాలిలో నీరు ఎంత ఉంటుందో నీకు తెలియనిది కాదు. కార్బన్ డయాక్సైడ్ గుళికలతో నడిచేవాటి ఒత్తిడి ఎండనుబట్టి మారుతుంది, కాబట్టి మే నెలలో ఒకచోట, డిసెంబరులో ఇంకోచోట గుండు పడుతుంది. వాటి జోలికి పోకు.

ఆ మాటకు వస్తే, సముద్రం పక్కన ఉన్న మనకు తుప్పే పెద్ద శత్రువు. ఒకసారి ఆగస్టులో కాల్పుల నుంచి వచ్చి, చేతి చెమట తుడవకుండానే పిస్టల్‌ను స్పాంజి పరిచిన పెట్టెలో పెట్టి మూసి, పెళ్ళికని అనకాపల్లి వెళ్ళాను. నాలుగో రోజు తెరిచేసరికి ముందు సైటు చుట్టూ, లీవరు కీలు దగ్గర పసుపు చల్లినట్టు సన్నటి చుక్కలు లేచాయి. స్పాంజి తేమను పట్టి ఉంచుతుంది, తోలు కూడా అంతే. అందుకే కాల్చిన ప్రతిరోజూ మెత్తని నూలుగుడ్డతో చెమట తుడిచి, ఉక్కుభాగాలకు పలుచగా నూనె రాసి, గాలి ఆడే అల్మారాలో తాళం వేసి, పక్కన తేమ పీల్చే సిలికా గుళికల సంచి పెడుతున్నాను. గాలి వెళ్ళే దారిలోనూ, ట్రిగ్గర్ లోపలా మాత్రం నూనె పోయకు, రబ్బరు సీళ్ళు పాడవుతాయి.

ఏడాది రెండేళ్ళు ఇలా సాధన చేశాక .22 వైపు వెళ్ళాలనిపిస్తే తప్పకుండా వెళ్ళు. 25 మీటర్ల పోటీకి వాడే .22 పిస్టల్ 300 మి.మీ. పొడవు పెట్టెలో పట్టాలి, బారెల్ 153 మి.మీ. దాటకూడదు, బరువు 1400 గ్రాముల లోపు, ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో మన విజయ్ కుమార్ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో (వేగంగా కాల్చే పోటీలో) రజతం తెచ్చింది ఈ తరగతి పిస్టల్‌తోనే. ఆ లైసెన్సు చేతికి రావడానికి సమయం పడుతుంది, ఏటా ఎన్ని తూటాలు కొనవచ్చో దానిమీదే రాసి ఉంటుంది, ఎన్నికలు వచ్చినప్పుడు ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో జమ చేయమనవచ్చు. ఇవన్నీ ఓపికగా పాటించగల మనిషివైతేనే అటు అడుగు పెట్టు. ఆత్మరక్షణ కోసం అమ్మే .32 పొట్టి పిస్టల్‌ను గురి నేర్చుకోవడానికి కొంటానని మాత్రం అనకు. పొడవు చాలదు, ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, తూటాల ఖర్చు భరించలేవు.

ఎయిర్ పిస్టలే కదా అని మేడ మీదా, ఆర్కే బీచ్ ఇసుకలోనూ, కైలాసగిరి వెనుక తోటల్లోనూ కాల్చడం నేను ఎన్నడూ క్షమించను. ఆ చిన్న సీసపు గుండు కంటికి తగిలితే చూపు పోతుంది. శిక్షకుడు ఉన్న రేంజ్‌లో (కాల్పుల సాధన స్థలంలో), కళ్ళద్దాలు పెట్టుకుని, మూతి ఎప్పుడూ లక్ష్యం వైపే ఉంచి కాల్చు. సీసం అంటుతుంది కాబట్టి కాల్చిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకు. ఇంట్లో సాధన చేయాలంటే పిస్టల్‌లో గుండు లేదని రెండుసార్లు చూసుకుని, తెల్లగోడ ఎదురుగా నిలబడి ట్రిగ్గర్ మాత్రం లాగు. నేను ఈనాటికీ పొద్దున్నే కాఫీకి ముందు ముప్పైసార్లు అలా లాగుతాను.

ఇప్పుడే ఏదీ కొనకు. మూడు నెలలు రేంజ్‌లో ఉన్న పిస్టళ్ళతోనే కాల్చు. రెండు కళ్ళూ తెరిచి దూరంగా ఉన్న ఒక వస్తువును వేలితో చూపించి, ఒక్కొక్క కన్ను మూసి చూడు, ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వేలు కదలకుండా ఉంటుందో అది నీ గురి కన్ను. అది ఎడమదైతే పిస్టల్ ఎంపికలో కొన్ని మార్పులు చేయాలి, తప్పకుండా తెలియజెయ్. ఒక తెల్లకాగితం మీద కుడి అరచేయి పెట్టి, వేళ్ళు సహజంగా విప్పి, పెన్సిలు నిటారుగా పట్టి చుట్టూ గీత గీసి, మధ్యవేలి కొస నుంచి మణికట్టు మడత వరకు ఎన్ని మి.మీ. ఉందో పక్కన రాసి పంపు. ఆ కాగితం అందగానే నీ చేతికి ఏ సైజు పట్టు నప్పుతుందో చూసి, నా దగ్గరున్న లప్పం డబ్బా, గరుకు కాగితాలు తీసి సిద్ధంగా ఉంచుతాను.

ఆశీర్వదిస్తూ,
మీ పెదనాన్న