ఎనభై కిలోమీటర్ల పైన చలి ఎంతో తెలిసేదెలా?

ప్రశ్న: మా జిల్లాలోని మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. దాని మీద చలి ఎంతో తెలియాలంటే థర్మామీటరు పట్టుకుని ఎక్కితే సరిపోతుంది. గాదంకిలో మాత్రం లేజరు కాంతిని పైకి పంపి 80 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత చెబుతారని మా లెక్చరర్ గారు అన్నారు. గాలే లేనిచోట అది ఎలా సాధ్యం? అక్కడ ఏయే పదార్థాలున్నాయో కూడా తెలుస్తుందా?
– డిగ్రీ విద్యార్థిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా (ఒడిశా)

జవాబు: అక్కడ గాలి బొత్తిగా లేకపోలేదు, నేల మీది గాలిలో అరవై వేల వంతుల్లో ఒక వంతుకు కాస్త తక్కువగా ఉంటుంది. లేజరు కాంతిని పంపి, తిరిగొచ్చే వెలుగును కొలిచే లైడార్ అనే పరికరానికి ఆ కొద్దిపాటి గాలే ఆధారం. పరిశోధక బెలూన్లు 40 కిలోమీటర్లు దాటడం అరుదు, ఉపగ్రహాలు అంత కిందికి దిగితే కక్ష్యలో నిలవవు, రాకెట్టేమో నిమిషాల్లో ఆ పొరను దాటిపోతుంది. రాత్రంతా ఒకే చోటిని గమనించాలంటే నేల మీది నుంచి కాంతిని పంపడమే మేలు.

తిరుపతి దగ్గరి గాదంకిలో జపాన్ సహకారంతో 1998లో నెలకొల్పిన లైడార్ 532 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఆకుపచ్చ కాంతిని మెరుపులు మెరుపులుగా పైకి పంపుతుంది. మంచు పట్టిన వేకువజామున ఘాట్ రోడ్డులో బండి లైటు వెలుగు దారి పొడవునా తెల్లగా కనబడినట్టే, ఈ కాంతిలోనూ అతి స్వల్ప భాగం గాలి అణువులకు తగిలి వెనక్కి చెదురుతుంది. దాన్ని టెలిస్కోపుతో పట్టి, ఫోటాన్లను (కాంతి రేణువులను) ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. తిరుగు కాంతి ఒక మైక్రోసెకను ఆలస్యమైతే అది 150 మీటర్లు ఎక్కువ ఎత్తు నుంచి వచ్చినట్టు లెక్క.

నిజానికి ఈ పద్ధతిలో లేజరు ఉష్ణోగ్రతను కొలవనే కొలవదు. పైకి పోయేకొద్దీ గాలి సాంద్రత ఎలా తగ్గుతోందో చెబుతుంది, అంతే. ఏ ఎత్తున అయినా పీడనమంటే ఆపైనున్న గాలి బరువే కాబట్టి, సాంద్రతలను పైనుంచి కూడుకుంటూ దిగితే పీడనం తెలుస్తుంది. దాన్ని అక్కడి సాంద్రతతో భాగిస్తే ఉష్ణోగ్రత వస్తుంది. అన్నిటికన్నా పై అంచున మాత్రం ఉష్ణోగ్రతను ఊహించి మొదలుపెట్టక తప్పదు. ఆ ఊహ కొంత తప్పినా ప్రమాదం లేదు. 10–15 కిలోమీటర్లు దిగేసరికి పైనున్న గాలి బరువు ఎన్నో రెట్లు పెరిగి, ఆ దోషం దాదాపు మాసిపోతుంది. సుమారు 30 కిలోమీటర్ల దిగువన దుమ్ము, పొగ కణాలు కూడా కాంతిని వెనక్కి పంపుతాయి కనుక ఈ లెక్క అక్కడ పనికిరాదు.

ఇక పదార్థాల మాట. నైట్రోజన్, ఆక్సిజన్ల నిష్పత్తి దాదాపు 100 కిలోమీటర్ల వరకు పెద్దగా మారదు. ఓజోన్ కోసం రెండు తరంగదైర్ఘ్యాలు వాడతారు: 308 నానోమీటర్ల కాంతిని ఓజోన్ మింగేస్తుంది, 355ను దాదాపుగా ముట్టదు, రెండింటి తేడాయే ఓజోన్ లెక్క. సుమారు 80 నుంచి 105 కిలోమీటర్ల మధ్య ఉల్కలు కాలిపోగా మిగిలిన సోడియం పరమాణువుల పొర ఒకటుంది. ఘన సెంటీమీటరుకు కొన్ని వేలకు మించని ఆ పరమాణువులు 589 నానోమీటర్ల పసుపు కాంతికి ఎంత గట్టిగా స్పందిస్తాయంటే, అంత దూరం నుంచి కూడా వాటి సంకేతం స్పష్టంగా అందుతుంది. వేడి ఎక్కువైతే అవి వేగంగా కదిలి, గ్రహించే కాంతి పట్టీ కాస్త వెడల్పవుతుంది. లేజరు రంగును ఆ పట్టీ మీద అటూ ఇటూ సన్నగా జరిపి ఆ వెడల్పు చూస్తే, ఈసారి బరువుల లెక్కతో పని లేకుండా నేరుగా ఉష్ణోగ్రత తెలుస్తుంది. మన అక్షాంశాల్లో ఆ పొరలోని అతి చల్లని చోట అది సున్నాకు సుమారు 80 నుంచి 100 డిగ్రీలు దిగువన ఉంటుంది.