అమెరికాలో కంకర, సిమెంటు గిరాకీని నమ్మి ఉద్యోగంలో చేరవచ్చా?

ప్రశ్న: సివిల్‌లో ఎమ్మెస్ ఆఖరి సెమిస్టర్. ఇక్కడ నిర్మాణాల మీద ఏడాదికి 2 లక్షల కోట్ల డాలర్లకు పైగా ఖర్చవుతోందట. క్వారీ, రెడీమిక్స్ కంపెనీల్లో చేరితే నిలదొక్కుకోగలనా?

జవాబు: ఆ అంకె డాలర్లలో ఉంది, టన్నుల్లో కాదు. సెన్సస్ బ్యూరో నెలనెలా విడుదల చేసే ఆ లెక్కలోంచి ధరల పెరుగుదలను తీసెయ్యరు. దిగుమతి స్టీలు మీద సుంకాన్ని 2025 జూన్‌లో 50 శాతానికి పెంచారు. ఇలా స్టీలు, కూలీ ప్రియమైతే పని పెరగకపోయినా అంకె పెరుగుతుంది. అందుకే మొత్తం చూడకండి; రోడ్లు, ఇళ్లు, ఫ్యాక్టరీలు విడివిడిగా చూడండి. చిప్‌ల తయారీకి రాయితీలిచ్చే చిప్ చట్టం వచ్చాక ఎగబాకిన ఫ్యాక్టరీల నిర్మాణం 2024 మధ్య నుంచి తగ్గుముఖం పట్టింది. ఇళ్లకు వడ్డీ రేట్లే అడ్డు. కాలనీ ఆగితే దాని రోడ్లు, మురుగు పైపులు, పక్కన రావలసిన దుకాణాలు కూడా ఆగుతాయి కాబట్టి రెడీమిక్స్‌కు మొదటి దెబ్బ అక్కడే.

రోడ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2021 నవంబర్ నాటి మౌలిక వసతుల చట్టంలో రోడ్ల పద్దుకు గడువు 2026 సెప్టెంబర్ 30. ఆ మర్నాటి నుంచి పనులు ఆగిపోతాయన్న భయం అక్కర్లేదు. రాష్ట్రం ముందు పని చేయించి, తర్వాత కేంద్రం నుంచి రాబట్టుకుంటుంది. మంజూరైన పనులు ఏళ్ల తరబడి నడుస్తాయి. చిక్కల్లా కొత్త టెండర్లతోనే. కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) ఆ చట్టానికి కొన్ని నెలల పొడిగింపుతో సరిపెడితే, రాష్ట్రాలు పెద్ద పనులను వాయిదా వేస్తాయి. కేంద్రం రోడ్ల నిధికి ఆధారమైన పెట్రోలు పన్ను గాలనుకు 18.4 సెంట్లు, 1993 నుంచి పెరగలేదు. కాబట్టి సొంత నిధి ఉన్న రాష్ట్రం మేలు. టెక్సస్ ఓటర్లు 2014, 2015లలో రాష్ట్ర ఆదాయంలో కొంత హైవేలకే కట్టబెట్టారు.

కంకర బరువెక్కువ, ధర తక్కువ. లారీలో కొన్ని పదుల మైళ్లు దాటితే కిరాయి రాయి ధరను మించుతుంది. అందుకే దేశం మొత్తం గిరాకీ ఎలా ఉన్నా, మీకు లెక్క ఆ క్వారీ చుట్టుపక్కల ఊళ్లే. ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది) డేటా సెంటర్లు లేస్తుంటే పక్క కౌంటీ ప్లాంటు ఖాళీగా ఉండొచ్చు.

ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి: చేతిలో ఎన్ని నెలల ఆర్డర్లున్నాయి? అందులో ప్రభుత్వ పని ఎంత? ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో ఉన్నారా? అది లేకపోతే 12 నెలల ఓపీటీ (చదువయ్యాక విదేశీ విద్యార్థికిచ్చే పని అనుమతి) తర్వాత సైన్సు, ఇంజనీరింగ్ చదివినవారికిచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు రాదు. మిన్నెసోటా లాంటి చలి రాష్ట్రాల్లో శీతాకాలం సైటు సిబ్బందిని పని నుంచి తీసి ఇంటికి పంపడం మామూలే. ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు; అలా ఇంట్లో ఉన్న రోజులూ ఆ లెక్కలోకి వస్తాయి. అక్కడ సైటు పని కన్నా ఏడాది పొడుగునా జీతమిచ్చే క్వాలిటీ కంట్రోల్ ల్యాబు నయం.

ల్యాబులో చాలామంది పొరపడే చోటు ఒకటుంది. కాంక్రీటు బలాన్ని ఇక్కడ పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు)లో చెబుతారు. 4,000 పీఎస్‌ఐ అంటే 27.6 మెగాపాస్కల్స్, కనుక ఇండియాలో 25 మెగాపాస్కల్స్ బలమున్న ఎం25 కాంక్రీటు లాంటిదేనని అనుకుంటారు. ఇక్కడ పరీక్షించేది సిలిండర్, మన దగ్గర క్యూబ్. సిలిండర్ బలం క్యూబ్‌లో సుమారు 80 శాతమే. అంటే అది ఎం35కి దగ్గర.