చవక విదేశీ నాణేలతో మొదలుపెట్టే బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

ప్రపంచ నాణేలు పోగేద్దామనుకుంటున్నా కానీ ఎక్కువ డబ్బు పెట్టలేను పెద్దనాన్నా, ఏవి కొనమంటావు అని అడిగావు కదా. ముందు ఆ డబ్బు సంగతే చెప్తా. డబ్బు తక్కువుండటం ఈ హాబీలో అడ్డం కాదు, మొదట్లో అయితే అదే మంచిది కూడా, ఎందుకంటే నాణేనికి ధర వయసుని బట్టి రాదు, ఎన్ని మిగిలాయి, ఎంతమంది వెతుకుతున్నారు అనేదాన్ని బట్టి వస్తుంది. చైనాలో ఉత్తర సాంగ్ రాజుల కాలం నాటి చదరపు చిల్లు కాసులు ఉన్నాయి చూడు, వాటికి దాదాపు వెయ్యేళ్లు, అయినా మామూలు రకాలు ఇప్పటికీ చవగ్గానే దొరుకుతాయి, కారణం అప్పట్లో వాటిని ఏటా కోట్ల కొద్దీ పోత పోశారు. అదే బ్రిటన్ వాళ్ల 1933 పెన్నీ తీసుకో, దానికి వందేళ్లు కూడా నిండలేదు, మామూలు కంచు బిళ్ల, కానీ వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి కాబట్టి మనబోటి వాళ్లం ఫోటోలో చూసి సంతోషించడమే.

అందుకని నేను చెప్పేది ఒకటే. ఖరీదైన రకంలో అరిగిపోయిన పీస్ కొనకు, చవక రకంలో బాగున్న పీస్ కొను. కొత్తగా వచ్చిన వాళ్లు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, ఏదో పెద్ద పేరున్న నాణెం తమ దగ్గర కూడా ఉందనిపించుకోవాలని బొమ్మా కనిపించని తేదీ కూడా చదవరాని బిళ్ల కొంటారు, మళ్లీ దాన్ని ఇంకొకళ్లకి అమ్మబోతే అప్పుడు తెలుస్తుంది. కోట్లలో ముద్రించిన నాణెం అయితే నువ్వు తొందరపడక్కర్లేదు, ఇవాళ చూసింది నచ్చకపోతే ఇంకోటి వస్తుంది, గీతలున్నది పక్కన పెట్టు, రంగు మారింది పక్కన పెట్టు, నచ్చిందే తీసుకో. అలా ఏరుకునే వీలు చవక నాణేల్లోనే ఉంటుంది, ఆ ఏరడంలోనే కన్ను పదునెక్కుతుంది.

మొదటి కొనుగోలు మాత్రం ఏరకుండానే చెయ్యి. అన్ని దేశాలవీ కలిపి బరువు లెక్కన అమ్మే మిక్స్‌డ్ లాట్ ఒకటి తీసుకో, చిన్నదే చాలు. అందులో నిధులుంటాయని ఆశపెట్టుకోకు, అమ్మేవాడు ముందే జల్లెడ పట్టి ఉంటాడు. అది గుర్తుపట్టడం నేర్చుకోడానికి. 2002 జనవరి 1న యూరో నాణేలూ నోట్లూ పన్నెండు దేశాల్లో చేతుల్లోకి వచ్చాయి, దాంతో ఫ్రాంకులు, లీరాలు, పెసెటాలు, డ్రాక్మాలు, మార్కులు అన్నీ ఒక్కసారిగా పనిలేనివయ్యాయి, ఈ లాట్లలో సగం అవే ఉంటాయి. ఇటలీ 500 లీరా కనిపిస్తే పక్కన పెట్టుకో, 1982లో వచ్చింది, మధ్యలో ఒక లోహం చుట్టూ ఇంకో లోహం, ఇప్పుడు చాలా దేశాల్లో కనిపించే ఈ రెండు రంగుల పద్ధతిని పెద్ద ఎత్తున చెలామణిలోకి తెచ్చింది ఆ బిళ్లే.

దేశం పేరు దగ్గర తికమక పడతావు, అందరూ పడతారు. హెల్వెటియా అని ఉంటే స్విట్జర్లాండ్, సుఓమి అంటే ఫిన్లాండ్, మాగ్యార్ అంటే హంగరీ, ఐరె అంటే ఐర్లాండ్, సీసీసీపీ లాగా కనిపించేది సోవియట్ యూనియన్. నెల తిరక్కుండా కంఠతా వచ్చేస్తాయి. తేదీలు ఇంకొంచెం కష్టం, కానీ నాకు మాత్రం మజా అంతా అక్కడే. జపాన్ వాళ్లు చక్రవర్తి ఏలుబడి ఏడు వేస్తారు, షోవా అయితే దానికి 1925 కలుపు, హెయిసెయి అయితే 1988, రెయివా అయితే 2018. థాయ్‌లాండ్ వాళ్లది బౌద్ధ శకం, 543 తీసెయ్యి, 2500 అని ఉంటే 1957 అన్నమాట. నేపాల్‌ది విక్రమ శకం, 57 తియ్యాలి. హిజ్రీ తేదీ చాంద్రమానం కాబట్టి నేరుగా కలిపితే కుదరదు, 0.97తో గుణించి 622 కలిపితే ఒక ఏడు అటూ ఇటూగా వస్తుంది. ఇరాన్ నాణేల మీద చాలాకాలంగా ఉండేది సౌరమానం, దానికి ఊరికే 621 కలిపితే సరిపోతుంది. పాత టర్కీ సుల్తానుల ఒట్టోమన్ నాణేలయితే ఇంకో తమాషా, సుల్తాన్ గద్దెనెక్కిన ఏడు ఒకచోట వేసి, అది ఏలుబడిలో ఎన్నో ఏడో విడిగా ఇంకోచోట వేస్తారు, ఐదో మెహ్మెద్ నాణేలన్నిటి మీదా 1327 అనే ఉంటుంది, అసలు ఏడు కావాలంటే ఆ చిన్న అంకె చూసుకోవాలి. ఇది తెలియక ఒకే రకం అనుకుని డబ్బాలో పారేసే వాళ్లు ఎందరో. అరబిక్ అంకెలు, పర్షియన్ అంకెలు, థాయ్ అంకెలు ఒక కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకో, అక్షరాలు రాకపోయినా పర్లేదు.

లాట్ మొత్తం గుర్తుపట్టేదాకా రెండో లాట్ కొనకు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, లేకపోతే మూటలు పేరుకుంటాయి తప్ప కలెక్షన్ అవ్వదు.

ఆ తర్వాత ఒక దారి పట్టు. దేశానికొకటి చొప్పున అన్ని దేశాలూ అని చాలామంది మొదలెడతారు, తప్పేం లేదు గానీ సగం దాటాక మిగిలినవి దొరక్క విసుగొస్తుంది. నన్నడిగితే యుద్ధకాలం లోహాలు తీసుకోమంటా. రెండో ప్రపంచ యుద్ధంలో రాగి, నికెల్ అన్నీ ఆయుధాలకి పోయాయి, దాంతో నాణేలు ఏది దొరికితే దాంతో కొట్టారు, నాణెం చేతిలో పట్టుకుంటేనే ఆ కరువు తెలుస్తుంది. అమెరికా 1943లో సెంట్‌ని జింక్ పూసిన ఉక్కుతో కొట్టింది, అది అయస్కాంతానికి అంటుకుంటుంది. అందులో మిగిలిపోయిన బిళ్లల మీదే ఫిలడెల్ఫియాలో బెల్జియం కోసం 1944 తేదీతో 2 ఫ్రాంకులు కొట్టారు, జర్మన్లని వెళ్లగొట్టాక అక్కడ చిల్లర కావాలి కదా, ఒకే బిళ్ల మీద రెండు దేశాల కథ, అయినా ధర ఏమంత ఉండదు. అమెరికా ఐదు సెంట్లలో 1942 మధ్య నుంచి 1945 దాకా నికెల్ తీసేసి 35 శాతం వెండి కలిపారు, వెనకవైపు భవనం గుమ్మటం పైన పెద్ద అక్షరం ఉంటే అదే. నెదర్లాండ్స్, బెల్జియం, డెన్మార్క్ జర్మన్ ఆక్రమణలో ఉన్నప్పుడు జింక్ నాణేలు, బూడిద రంగులో కళాకాంతీ లేకుండా ఉంటాయి, వాటిలో శుభ్రమైనవి దొరకడం కష్టం ఎందుకంటే జింక్ తేమకి తెల్లబడి పొడిపొడిగా పోతుంది, బాగున్నది కనబడితే మాత్రం వదలకు. అన్నిటికన్నా నాకు ఇష్టమైనవి ఆ యుద్ధంలో జర్మనీ చెప్పుచేతల్లో నడిచిన ఫ్రాన్స్ విషీ ప్రభుత్వం వాళ్ల అల్యూమినియం ఫ్రాంకులు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే నినాదాన్ని పీకేసి శ్రమ, కుటుంబం, మాతృభూమి అని వేశారు, రిపబ్లిక్ అన్న మాట తీసేసి ఫ్రెంచ్ రాజ్యం అని పెట్టారు. యుద్ధం అవ్వగానే పాత నినాదం మళ్లీ వచ్చింది. 1941 ఫ్రాంక్ ఒకటి, 1943 విషీ ఫ్రాంక్ ఒకటి, 1947ది ఒకటి పక్కపక్కన పెట్టి చూడు, ఎవరూ చెప్పక్కర్లేదు.

రాజకీయం నాణెం మీద ఎలా దిగుతుందో చూడాలంటే సోవియట్ కొపెక్కులు కూడా బావుంటాయి. రాజముద్రలో కంకుల చుట్టూ రిబ్బన్ చుట్లు ఉంటాయి, ఎన్ని రిపబ్లిక్కులుంటే అన్ని. 1948 నుంచి 1956 దాకా 16, కరేలియా-ఫిన్నిష్ రిపబ్లిక్‌ని రష్యాలో కలిపేశాక 1957 నుంచి 15. లూపు అనే చిన్న భూతద్దంలో చూస్తూ లెక్కపెట్టాలి, కళ్లు లాగుతాయి, అయినా అదో సరదా.

బొమ్మలు ఇష్టమైతే ఐర్లాండ్ 1928లో మొదలెట్టిన సెట్ చూడు, పెర్సీ మెట్‌కాఫ్ గీశాడు, డిజైన్లు ఎంచిన కమిటీకి కవి యేట్స్ అధ్యక్షుడు. ఒకవైపు అన్నిటి మీదా వీణలాంటి హార్ప్, రెండోవైపు జంతువులు, అర పెన్నీ మీద పిల్లలతో పంది, పెన్నీ మీద పిల్లలతో కోడిపెట్ట, మూడు పెన్నీల మీద కుందేలు, షిల్లింగ్ మీద ఎద్దు, హాఫ్ క్రౌన్ మీద గుర్రం. రాగివన్నీ చవకే, తొలినాళ్ల వెండివి మాత్రం తర్వాత చూసుకుందువు గాని. ఇటలీ 10 సెంటెసిమిలో పువ్వు మీద వాలిన తేనెటీగ ఉంటుంది, 1919 నుంచి 1937 దాకా కొట్టారు, అంత చక్కటి నాణెం అంత తక్కువకి రావడం నాకిప్పటికీ ఆశ్చర్యమే. మెక్సికో వాళ్ల 20 సెంటావోల కంచు నాణెం 1943లో వచ్చింది, తెయోతివాకాన్ సూర్య పిరమిడ్ బొమ్మతో, పెద్దది, చేతికి బరువుగా ఉంటుంది.

ఒకే రకాన్ని ఏళ్ల వారీగా పోగేయాలనుంటే బ్రిటన్ కంచు పెన్నీకి మించింది లేదు. 1860 నుంచి చివరిదాకా ఒకటే సైజు, 31 మిల్లీమీటర్లకి రవ్వ తక్కువ, బరువు 9.4 గ్రాములు. విక్టోరియా ముడి వేసుకున్న యువతి బొమ్మతో మొదలై 1895 నుంచి ముసుగేసుకున్న పెద్దావిడ, తర్వాత ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జ్, ఆరో జార్జ్, ఎలిజబెత్. 1971 ఫిబ్రవరి 15న 240 పెన్నీలకి పౌండు అనే లెక్క పోయి వందకి మారేదాకా ఇవి జేబుల్లో తిరిగినవే. ఐదో జార్జ్ వాటిలో చాలా ఏళ్లవి తేలిగ్గా దొరుకుతాయి. 1933 గడి ఖాళీగా వదిలెయ్యి, అందరి ఆల్బమ్‌లోనూ అది ఖాళీయే.

వెండి కావాలని మనసు లాగుతుంది, తెలుసు. కొనుక్కో, కానీ తేదీ చూసి. బ్రిటన్‌వి 1919 దాకా 92.5 శాతం, 1920 నుంచి 1946 వరకు సగం, 1947 నుంచి సున్నా. పెద్ద వెండి బిళ్ల ఒక్కటైనా ఉండాలంటే ఆస్ట్రియా మహారాణి మరియా థెరెసా పేరిట ఉన్న థాలర్ చూడు, ఆవిడ 1780లో పోయింది, తర్వాత ఎప్పుడు కొట్టినా అదే తేదీ వేశారు, ఎర్ర సముద్రం చుట్టుపక్కల వ్యాపారులు ఆ నాణేన్నే నమ్మేవాళ్లు కాబట్టి. తేదీ చూసి రెండొందల ఏళ్ల నాటిదని ఎవరైనా ఎక్కువ చెప్తే నవ్వి ఊరుకో. చైనా వెండి డాలర్లు, అమెరికా ట్రేడ్ డాలర్ల జోలికి ఇప్పుడే వెళ్లకు, నకిలీలు విపరీతం. అన్నట్టు చవక నాణేల్లో ఇదో లాభం, వాటిని నకిలీ చేసే శ్రమ ఎవరు పడతారు. అలాగే బంగారు పూత, రంగు బొమ్మలు, పరిమిత ముద్రణ, సర్టిఫికెట్ అంటూ పెట్టెలో పెట్టి అమ్మేవి వద్దు, అవి జేబుల్లో తిరగడానికి పుట్టినవి కావు, కొన్న ధరకి తిరిగి కొనేవాడు దొరకడు.

ఇక నాణేలు కడగకు. సబ్బు, చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్, మెరుగుపెట్టే గుడ్డ ఏదీ వద్దు. మకిలి పట్టినట్టున్న ఆ రంగే నాణెం పైపొర, అది పోతే తళతళలాడుతుంది గానీ తెలిసినవాడు చూడగానే పక్కకి తోసేస్తాడు, మళ్లీ రాదు ఆ రంగు. పట్టుకుంటే అంచులు పట్టుకో, ముఖం మీద వేలు పడిందంటే రాగి నాణెం మీద ఆ ముద్ర కొన్నాళ్లకి నల్లగా తేలుతుంది. మెత్తగా ఉండి ప్లాస్టిక్ వాసన కొట్టే పర్సుల్లాంటి ఆల్బమ్ పేజీలు పీవీసీవి, వాటిలో పెడితే ఆకుపచ్చ జిగురు పడుతుంది. మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ పొరతో కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు వాడు, పిన్ను కొట్టాక దాని వెనక కాళ్లు కటింగ్ ప్లయర్‌తో చదును చెయ్యి లేకపోతే పక్క నాణేన్ని గీరుతుంది. కంచు నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే దాన్ని వెంటనే వేరే డబ్బాలో పెట్టు, మిగతా వాటితో కలిపి ఉంచకు.

సామాను పెద్దగా అక్కర్లేదు. పదింతలు చూపించే లూపు, గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు, ఒక అయస్కాంతం. రాగి, నికెల్ కలిపిన కప్రోనికెల్ అంటుకోదు, శుద్ధ నికెల్, ఉక్కు అంటుకుంటాయి, వెండి అస్సలు అంటుకోదు, సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. న్యూమిస్టా అనే ఉచిత కేటలాగ్‌లో ప్రతి రకానికీ బరువు, వ్యాసం, లోహం, ఏ ఏడు ఎన్ని కొట్టారు అన్నీ ఉంటాయి, అందులో కేఎమ్ నంబరు, అంటే క్రౌస్-మిష్లర్ కేటలాగ్ ఆ రకానికి ఇచ్చిన నంబరు, చూసి హోల్డర్ మీద దేశం, తేదీ, ఆ నంబరు, ఎంతకి కొన్నావో రాసిపెట్టు. ఎంతకి కొన్నానో ఎందుకు అంటావేమో, రెండేళ్ల తర్వాత అదే రకం ఇంకా బాగున్న పీస్ ఎదురైనప్పుడు పనికొస్తుంది, పాతది మార్చుకుని కొత్తది తీసుకోవడమే అప్పుడు చెయ్యాల్సింది.

లాట్ వచ్చాక గుర్తుపట్టలేనివి ఉంటే బొమ్మ, బొరుసు రెండు వైపులా ఫోటో తీసి బరువు, వ్యాసం రాసి పంపు, పక్క నుంచి వెలుగు పడేలా తియ్యి, ఫ్లాష్ వెయ్యకు. అయితే ముందు నువ్వేమనుకుంటున్నావో రాయాలి, ఊరికే ఇదేంటి పెద్దనాన్నా అని పంపితే జవాబివ్వను.

మీ పెద్దనాన్న