మా అబ్బాయిది బద్ధకమా, డిప్రెషనా?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. మూడు నెలలుగా స్కూలు నుంచి రాగానే గదిలోకి వెళ్లి తలుపేసుకుంటున్నాడు. ఏం అడిగినా విసుక్కుంటాడు. ప్రాణంగా ఆడే ఫుట్‌బాల్ మానేశాడు. అర్ధరాత్రి దాటేదాకా ఫోన్ చూస్తాడు, పొద్దున ఎంత లేపినా లేవడు. మార్కులు బాగా తగ్గాయి. బద్ధకం, ఫోన్ లాక్కుంటే దారికొస్తాడని మావారు అంటారు. మొన్న ఇద్దరూ గొడవపడ్డప్పుడు ‘నేను లేకపోతే మీకే హాయి’ అన్నాడు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడదాం. కోపంలో అన్నాడని దాన్ని వదిలేయొద్దు. ఈ రోజే, మీరూ అబ్బాయీ ఇద్దరే ఉన్నప్పుడు కదపండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఈ వయసు పిల్లలు బిగుసుకుపోతారు. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, బండిలో వెళ్తున్నప్పుడో సులువుగా మాట్లాడతారు. ‘ఆ రోజు నువ్వన్న మాటే నా మనసులో తిరుగుతోంది నాన్నా. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఎవరితోనూ చెప్పుకోలేక మోస్తున్నవాడికైతే కాస్త బరువు దిగుతుంది.

అనిపించిందంటే కంగారుపడి తిట్టకండి, ఏడ్వకండి. ఎలా, ఎప్పుడు అన్నదాకా ఆలోచించాడా, దానికేమైనా సిద్ధం చేసుకున్నాడా అని అడగండి. అంతవరకూ వెళ్లి ఉంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. ‘అలాంటిదేం లేదు’ అన్నా సరే, ఇంట్లో ఉన్న మాత్రలు, పురుగుమందుల్లాంటివన్నీ అతని చేతికి అందకుండా తాళం వేయండి. చచ్చిపోవాలన్న తీవ్రమైన ఉద్రేకం చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపూ ఏదీ చేతికి అందకపోవడమే ప్రాణం నిలుపుతుంది.

ఇక మీవారి అనుమానం సంగతి. డిప్రెషన్ అంటే ఎప్పుడూ ఏడుస్తూ, దిగులుగా కూర్చోవడమని అనుకుంటాం. పెద్దవాళ్లలో తరచూ అలాగే ఉంటుంది. టీనేజీ పిల్లల్లో మాత్రం దిగులుకు బదులు చిరాకు, కోపం పైకి కనబడవచ్చు. డిప్రెషన్ అనాలంటే దిగులు లేదా చిరాకు, ఇష్టమైన వాటి మీద ఆసక్తి పోవడం, ఈ రెండింటిలో ఒకటి కచ్చితంగా ఉండాలి. నిద్ర, ఆకలి మారిపోవడం, నీరసం, ఏకాగ్రత కుదరకపోవడం, మందకొడిగా లేదా నిలకడలేకుండా ఉండటం, ఎందుకూ పనికిరానన్న భావన, చావు ఆలోచనలు వగైరాలతో కలిపి మొత్తం అయిదు లక్షణాలు కనీసం 2 వారాలు దాదాపు రోజూ ఉండి, చదువునూ స్నేహాలనూ దెబ్బతీస్తుంటే డాక్టర్లు డిప్రెషన్ అంటారు. మీరు రాసినవి చూస్తే ఆ అనుమానం బలంగానే ఉంది. తేల్చాల్సింది మాత్రం పరీక్షించిన మానసిక వైద్యులే.

బద్ధకం ఉన్నవాడు చదువు ఎగ్గొట్టి ఆటకు పరిగెడతాడు. మీవాడు ఆటే మానేశాడు. ఓసారి మెల్లగా గమనించండి: పుస్తకం తెరిచి గంటైనా అదే పేజీ దగ్గర ఉంటాడు. ఒకే వాక్యం నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కదు. గది మూలన బంతిలో గాలి పోయి ఎన్నాళ్లయిందో అతనికే తెలీదు. ఈ స్థితిలో ‘నీకేం తక్కువ చేశాం?’ అంటే, తను పనికిరానివాడినన్న నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. మీవారికి ఈ ఒక్క ముక్క తప్పకుండా చెప్పండి.

ఫోన్ లాక్కోవడం వద్దు. స్నేహితులతో మిగిలిన దారి అదొక్కటే కావచ్చు. యుక్తవయసులో శరీర గడియారమే వెనక్కి జరిగి నిద్ర ఆలస్యంగా వస్తుంది, అవసరం మాత్రం 8 నుంచి 10 గంటలు. ముందు లేచే వేళను స్థిరం చేయండి, సెలవు రోజైనా గంటకు మించి తేడా రానివ్వొద్దు. లేవగానే వెలుతురులోకి రావాలి. పడుకునే వేళను రెండు మూడు రోజులకోసారి పావుగంట ముందుకు జరపండి. రాత్రి ఫోన్లన్నీ, మీవి కూడా, హాల్లోనే ఛార్జింగ్ పెట్టాలి. అప్పుడది తనకొక్కడికే వేసిన శిక్ష అనిపించదు.

డాక్టర్ దగ్గరికి రానంటే ‘నీకేదో జబ్బు’ అనకండి. ‘నిద్ర పట్టక అవస్థ పడుతున్నావు, దానికోసం వెళ్దాం’ అనండి. అది నిజమే కదా. కాసేపు అతను ఒంటరిగా డాక్టర్‌తో మాట్లాడాలి. స్కూల్లో వేధింపులు, ప్రేమ వైఫల్యం, మత్తు అలవాట్లు అమ్మ ముందు బయటికి రావు. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇలా నీరసపరుస్తాయి కాబట్టి రక్తపరీక్షలు రాయవచ్చు. మీ రెండు కుటుంబాల్లో ఎవరికైనా బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు విపరీతమైన హుషారు వచ్చే జబ్బు) ఉన్నా, అబ్బాయి ఎప్పుడైనా రోజుల తరబడి మూడు నాలుగు గంటలే నిద్రపోయి కూడా విపరీతమైన హుషారుగా తిరిగినా దాచకుండా చెప్పండి. మందు ఎంపికే మారిపోతుంది.

తేలికపాటి డిప్రెషన్‌కు కౌన్సెలింగ్‌తోనే మొదలుపెడతారు. ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అయితే సాధారణంగా వారానికోసారి, 12 నుంచి 16 సార్లు ఉంటుంది. అందులో పనికొచ్చే ఒక మెళకువ ఇంట్లోనూ వాడొచ్చు. మనసు బాగుపడ్డాక ఆడదామని ఆగితే ఆ రోజు రాదు, కదిలాకే మనసు కదులుతుంది. అందుకని మ్యాచ్ సంగతి వదిలేయండి. బూట్లు కట్టుకుని ఒక్క స్నేహితుడితో 10 నిమిషాలు బంతి తన్నితే చాలు. ముందూ తర్వాతా మనసెలా ఉందో 10కి మార్కులు వేసుకోమనండి. రెండు నుంచి మూడు అయినా అదొక మెట్టే.

తీవ్రంగా ఉంటే మందు కూడా అవసరం. ఈ వయసుకు ముందుగా ఇచ్చేది చాలావరకు ఫ్లూఆక్సెటీన్, తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. వారంలోనే ‘పనిచేయట్లేదు’ అని మానేయడం మామూలుగా జరిగే తప్పు. 25 ఏళ్లలోపు వాళ్లలో కొందరికి మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు అశాంతి, ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు. పిల్లలు, టీనేజీ వాళ్ల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే ఈ హెచ్చరిక చేసింది. భయంతో మందు మానేయకుండా, కుదురుగా కూర్చోలేకపోవడం, నిద్ర పూర్తిగా పోవడం లాంటివి కనబడితే అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. మాత్రలు మీ దగ్గరే ఉంచి రోజుకి రోజు ఇవ్వండి. తేరుకున్నాక కూడా కనీసం 6 నెలలు వాడాలి. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి, జబ్బు తిరగబెట్టే ప్రమాదమూ ఉంది.

తేరుకునేటప్పుడు తరచూ ముందు నిద్ర, ఆకలి, ఒంట్లో ఓపిక తిరిగొస్తాయి. బతుకు మీద ఆశ ఆలస్యంగా వస్తుంది. ‘ఇప్పుడు బానే ఉన్నాడుగా’ అని మీకు అనిపించే ఆ మధ్య వారాల్లోనే ఇంకాస్త దగ్గరగా కనిపెట్టుకుని ఉండండి. వేసిన తాళాలు డాక్టర్ చెప్పేదాకా తీయకండి.