నర్సింగ్ డిగ్రీలో చేరేవారు ముందుగా లెక్కవేసుకోవలసినది

ఆస్ట్రేలియాలో బ్యాచిలర్ ఆఫ్ నర్సింగ్ చదవబోయే మన పిల్లలు ఎక్కువగా అనాటమీ కష్టమా, ఇంగ్లీషులో వ్యాసాలు రాయగలమా అని అడుగుతుంటారు. క్రమం తప్పకుండా కూర్చుంటే ఆ చదువు వస్తుంది. మీరు నిజంగా ఆలోచించవలసింది ప్లేస్‌మెంట్ వారాల్లో, అంటే కోర్సులో భాగంగా ఆసుపత్రుల వంటి చోట్ల పని నేర్చుకునే వారాల్లో, ఇల్లు ఎలా గడుస్తుందని.

మూడేళ్ల కోర్సులో కనీసం 800 గంటలు ఆసుపత్రుల్లోనూ, వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లోనూ, మానసిక వైద్య విభాగాల్లోనూ రిజిస్టర్డ్ నర్సుల పర్యవేక్షణలో పని నేర్చుకోవాలి. ఆ గంటలకు జీతం ఉండదు. నేను చేరిన కొత్తలో, వీసా అనుమతించినన్ని గంటలు పార్ట్‌టైమ్ పని చేస్తే అద్దె, తిండి ఖర్చులు వెళ్లిపోతాయని ఏడాది పొడవుకీ ఒకటే లెక్క వేసుకున్నాను. తీరా ప్లేస్‌మెంట్ ఊరికి చాలా దూరంలోని ఆసుపత్రిలో పడింది. అక్కడ గదికి అద్దె, ఇక్కడ ఖాళీగా ఉన్న గదికి అద్దె, రాబడి మాత్రం సున్నా. పైగా నేను పనిచేసే చోట నా షిఫ్టులు మరొకరికి ఇచ్చేశారు. స్నేహితురాలి దగ్గర అప్పు తెచ్చి ఆ సెమిస్టర్ గట్టెక్కాను. అప్పటినుంచి జీతం రాగానే ప్లేస్‌మెంట్ వారాలకని కొంత విడిగా దాచిన తరువాతే మిగతా ఖర్చుల జోలికి వెళ్లేదాన్ని. డిగ్రీ చేతికొచ్చేవరకు మళ్లీ ఎవరి ముందూ చేయి చాచలేదు.

ఇప్పుడు స్టూడెంట్ వీసా మీద రెండు వారాలకు 48 గంటలు పనిచేయవచ్చు. కోర్సులో భాగమైన ప్లేస్‌మెంట్ ఆ లెక్కలోకి రాదు కాబట్టి రెండూ చేసుకోవచ్చని కొందరు ధైర్యం చెబుతారు. ఒకరోజు ఉదయం ఏడింటికే వార్డులో హ్యాండోవర్, అంటే దిగిపోయే నర్సులు రోగుల పరిస్థితి అప్పగిస్తూ చెప్పేది, వినాలి; మర్నాడేమో షిఫ్టు రాత్రి దాకా సాగుతుంది. వాటి మధ్య బయట పనికి వెళితే నిద్ర ఎక్కడ మిగులుతుంది? నిద్ర చాలని మనిషి రోగికి మందు కొలవకూడదు.

మందుల లెక్కల పరీక్ష సంగతీ తెలుసుకోండి. పది మిల్లీలీటర్లలో ఒక గ్రాము మందు ఉంటే 250 మిల్లీగ్రాములకు ఎంత తీయాలి? రెండున్నర మిల్లీలీటర్లు. ఇంత చిన్న లెక్కలో దశాంశ బిందువు పక్కకు జరిగితే రోగికి పది రెట్ల మోతాదు వెళుతుంది కనుక, చాలా విశ్వవిద్యాలయాలు ఇందులో నూటికి నూరు మార్కులు అడుగుతాయి. అది దాటనిదే వార్డుకు పంపరు, సబ్జెక్టు పోతే ఫీజు మళ్లీ కట్టాలి.

టీకాల విషయంలోనూ ఇదే నష్టం పొంచి ఉంటుంది. హెపటైటిస్ బి మూడు డోసులు మామూలుగా ఆరు నెలల వ్యవధిలో పూర్తవుతాయి. కోర్సు మొదలయ్యాక చూద్దామనుకుంటే ప్లేస్‌మెంట్ వాయిదా పడవచ్చు. బయలుదేరేముందే వేయించుకుని ధ్రువపత్రాలు వెంట తెచ్చుకోండి. పోలీస్ క్లియరెన్స్ వంటి మిగతా నిబంధనలు విశ్వవిద్యాలయం వారే స్పష్టంగా ఇస్తారు, చదువుకోండి.

మరొక్క మాట, చనువుకొద్దీ చెబుతున్నాను: రోగికి స్నానం చేయించడం, పక్క బట్టలు మార్చడం తక్కువ పని అనే భావన ఉంటే ఇక్కడికి రాకముందే వదిలేయండి. మొదటి ప్లేస్‌మెంట్లో చాలామందికి ముందుగా అప్పగించేది అదే. అది చక్కగా వచ్చినవారికి వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో సహాయకులుగా జీతమున్న పని దొరికే అవకాశమూ ఎక్కువ. అటువంటి పని దొరికితే, ప్లేస్‌మెంట్ తేదీలు తెలిసిన రోజే మీ మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి, తిరిగి వచ్చాక మీ షిఫ్టులు మీకే ఉంటాయా అని అడిగి తెలుసుకోండి.